మెచ్చుకుంటే దిష్టి

వగ్దీ మెచ్చుకుంటే పాటగాళ్ళు వణికిపోయేవారు, తిడితే మిఠాయి పంచేవారు. ఇంత తలకిందుల వ్యవహారం కైరోలో తప్ప ఇంకెక్కడా జరగదని అతనే అనేవాడు. అరవై రెండేళ్ళ ఒంటరి మనిషి. ముప్పై ఏళ్ళుగా ఒకే వారపత్రిక, అందులో ఒకే వెనక పేజీ. ఆ పేజీ పేరు 'నిమ్మకాయ'. వారం వారం కొత్త పాటలు విని వాటి మీద నిమ్మరసం పిండడం అతని ఉద్యోగం.

పిండడం వచ్చినవాడే, కాదనలేం. ఒక ర్యాప్ కుర్రాడి గురించి, "ఇతను పాటలో పదకొండుసార్లు తాను సింహాన్నని చెప్పుకున్నాడు. జూలో ఉన్న సింహం నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు" అని రాశాడు. ఒక పాప్ గాయకుడి గురించి, "ప్రియురాలి కళ్ళ మీద ఇరవై రెండు చరణాలు. కళ్ళ డాక్టరు కూడా ఒక్క రోగి దగ్గర ఇంతసేపు కూర్చోడు" అన్నాడు. గొంతును కంప్యూటర్లో సరిచేయించుకున్న ఒక తారను, "బాగా ఉతికారు, ఆరేయడం మరిచిపోయారు" అన్నాడు. కంపెనీల అండ లేకుండా సొంతంగా పాడుకునే ఇండీ బృందాలు దొరికితే అతనికి పండగే. "నలుగురు కుర్రాళ్ళు. నలుగురికీ గడ్డాలు, నలుగురికీ దిగులు. వినడానికి వచ్చింది కూడా నలుగురమే కనుక తలా కాస్త పంచుకుని ఇళ్ళకు వెళ్ళిపోయాం" అని రాసింది ఇప్పటికీ కాఫీ హోటళ్ళలో చెప్పుకుంటారు.

తిట్టు తగిలినవాళ్ళు ఏడవాలి కదా. ఏడవలేదు. ఆ సింహం కుర్రాడి వేదిక పేరు దబ్బూర్, అంటే కందిరీగ. వాడు వగ్దీ రాసిన వాక్యాన్ని టోపీ మీద కుట్టించుకుని తిరిగాడు. ఆ ఏడు వాడి పాట మోగని టుక్‌టుక్ ఆటో లేదు. ఒకరోజు నడిరోడ్డు మీద వగ్దీని పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టి, "గురువుగారూ, అంతా మీ నోటి చలవే" అన్నాడు. వగ్దీ రుమాలుతో నుదురు తుడుచుకున్నాడు. అప్పటి నుంచి కొత్తగా పాడేవాళ్ళంతా అతని గుమ్మం ముందు తిట్టు కోసం వరస కట్టారు.

మెచ్చుకోలు సంగతి వేరు. పత్రికలో అతను మనస్ఫూర్తిగా మెచ్చుకున్నది ముగ్గురినే. మొదటి గాయని గొంతులో వారం తిరక్కుండా కాయ లేచింది, ఇప్పుడామె కూరగాయలు బేరమాడాలన్నా కాగితం మీద రాసి చూపిస్తుంది. రెండోది ఇండీ బృందం. పొగడ్త అచ్చయిన రోజునే విమానాశ్రయంలో జుట్లు పట్టుకుని విడిపోయారు. మూడోవాడు ర్యాప్ పాడేవాడు, పాడుతుండగా కాళ్ళ కింద వేదికే కూలి కాలు రెండు చోట్ల విరిగింది. ఇంకేముంది, వగ్దీది చెడ్డకన్నని ఊరు తేల్చేసింది. పెళ్ళిళ్ళకు పిలిచేవారు గాని వధూవరులకు వీపు పెట్టి కూర్చునే కుర్చీ చూపించేవారు. ఎవరి బిడ్డనైనా ముద్దుగా ఉన్నాడంటే తల్లి చటుక్కున ఐదు వేళ్ళూ చాపి అతని మొహానికి అడ్డం పెట్టేది. ఈ ఊళ్ళో గొంతులు పాడవడం, వేదికలు కూలడం వింత కాదని అతను ఎంత మొత్తుకున్నా వినే నాథుడు లేడు. ఎనిమిదేళ్ళ కింద విసిగిపోయి పత్రికలో మెచ్చుకోవడమే మానేశాడు. ఆ ఎనిమిదేళ్ళలో మెచ్చుకోదగ్గది ఏదీ రాలేదు కూడా.

ఒక ఆదివారం పొద్దున మహితాబ్ పాటలు వచ్చాయి. ఆ పిల్ల అద్లీ కూతురు. అద్లీ, వగ్దీ షుబ్రా పేటలో ఒకే సందులో పెరిగారు, ఒకే బడిలో దెబ్బలు తిన్నారు. పెద్దయ్యాక అద్లీ పేరున్న గాయకుల వెనక మూడో వరసలో కూర్చుని ముప్పై ఏళ్ళు అకార్డియన్ వాయించాడు. ఊపిరితిత్తుల జబ్బుతో నిరుడు పోయాడు. ఇప్పుడా పిల్ల తండ్రి అకార్డియన్ మెడకు తగిలించుకుని, పక్కన ఇంకే వాయిద్యమూ లేకుండా ఏడు పాటలు పాడి వగ్దీ ఫోనుకు పంపింది. గురువారం సాయంత్రం ఒక చిన్న హాల్లో మొదటిసారి జనం ముందు పాడబోతోంది.

పొయ్యి మీద పొద్దుటి తిండికి ఫూల్ అనే చిక్కుడు గింజలు ఉడుకుతుండగా అతను వినడం మొదలుపెట్టాడు. నాలుగో పాట తండ్రి చొక్కా గురించి. కచేరీలకు వేసుకునే తెల్లచొక్కా ఇంకా తీగ మీదే ఉందని, తీయడానికి ఇంట్లో ఎవరికీ చేతులు రావడం లేదని పాట. సగంలో మాట ఆగిపోతుంది. అకార్డియన్ తిత్తి తెరుచుకుంటుంది, మూసుకుంటుంది, కాని వేళ్ళు మెట్లను నొక్కవు. స్వరం లేదు. గాలి లోపలికి పోవడం, బయటికి రావడం, అంతే, నలభై సెకన్లు. ఆసుపత్రిలో ఆఖరి వారమంతా అద్లీ మంచం పక్కన కూర్చున్న వగ్దీకి అది ఎవరి ఊపిరో చెప్పనక్కర్లేదు. అడుగంటిన వాసన గదంతా నిండేదాకా అతను కదల్లేదు. వెక్కి వెక్కి ఏడ్చాడు. తర్వాత మొహం కడుక్కుని, మాడిన గిన్నె పక్కనే కాగితం పెట్టుకుని, ఎనిమిదేళ్ళ తర్వాత మొదటి మెచ్చుకోలు రాశాడు.

చాలా చిన్నది. "మహితాబ్ అద్లీ పాటలు ఏడు విన్నాను. తమాషా చేయడానికి ఒక్కచోటు కూడా దొరకలేదు. వెళ్ళి వినండి."

మర్నాడు మధ్యాహ్నం అతను రోజూ కూర్చునే కాఫీ హోటల్‌కి అద్లీ భార్య రావియా వచ్చింది. ఆడవాళ్ళు పెద్దగా రాని చోటది. హుక్కాలు పీల్చేవాళ్ళ మధ్యలోంచి సూటిగా నడిచి వచ్చి, బస్‌బూసా మిఠాయి డబ్బా బల్ల మీద పెట్టి, కుర్చీ అంచున కూర్చుంది.

"పిల్ల పాటలు విన్నారా అన్నయ్యా?"

"విన్నాను."

"నచ్చాయని మాత్రం అనకండి. మీకు దణ్ణం పెడతాను."

"నువ్వు కూడానా రావియా? అద్లీ ఉంటే పడీ పడీ నవ్వేవాడు."

"ఆయన అలా నవ్వబట్టే పోయాడు. మీరు మా ఇంటికొచ్చి 'గుండ్రాయిలా ఉన్నావురా అద్లీ' అన్నారు, గుర్తుందా? నెల తిరక్కుండా దగ్గు పట్టుకుంది."

"వాడు రోజుకు మూడు పెట్టెల సిగరెట్లు కాల్చేవాడమ్మా."

"పక్కింటి మునీర్ నాలుగు కాలుస్తాడు. వాణ్ణి మీరు చూడలేదు, బతికున్నాడు."

వగ్దీ టీ గ్లాసును బల్ల మీద గుండ్రంగా తిప్పుతూ, "అయితే ఏం రాయమంటావ్?" అన్నాడు.

"తిట్టండి. ఆ దబ్బూర్ గాణ్ణి తిట్టారు, వాడివాళ ఎక్కడున్నాడో చూడండి. నా పిల్లేం పాపం చేసిందని వదిలేస్తారు? చిన్నప్పుడు నన్ను బయటికి తీసుకెళ్తే మా అమ్మ నా మొహం కడిగేది కాదు, ముక్కు తుడిచేది కాదు. అందుకే ఇన్నాళ్ళున్నాను. దానికీ కాస్త మురికి పూసి పంపండి, అంతే నేనడిగేది. ఆయన పోయాక నాకు మీరు తప్ప ఎవరున్నారు?"

"చూస్తాలే" అన్నాడు వగ్దీ. రావియా దాన్ని ఒప్పుకోలుగా పట్టుకుని వెళ్ళిపోయింది. అతను మాత్రం మార్చదలచుకోలేదు. చదువుకున్న మనిషి, దిష్టికి భయపడి కలం తిప్పుకుంటే ఇక బతుకెందుకు అనుకుంటూ బస్‌బూసా రెండు ముక్కలు తిన్నాడు.

పేజీ అచ్చుకు వెళ్ళేది మంగళవారం మధ్యాహ్నం. ఆ పొద్దున పత్రికాఫీసు మెట్ల దగ్గరే మహితాబ్ కాచుకుని ఉంది. పొట్టి జుట్టు, తండ్రి ముక్కు, తండ్రిలాగే ఒక భుజం కిందికి వాల్చి నిలబడడం.

"అమ్మ మీ దగ్గరికొచ్చిందట కదా బాబాయ్. అమ్మ ఏమడిగినా మీరు పట్టించుకోకండి."

"ఏమడిగిందో తెలుసా?"

"ఏముంటుంది, తిట్టమని ఉంటుంది. నేనలా అడగను. బాగుంటే బాగుందని రాయండి, చెత్తగా ఉంటే చెత్తని రాయండి. నవ్వులాట మాత్రం వద్దు."

"నవ్వులాటే కదే పిల్లా నాకు కూడు పెట్టేది."

"నాన్న మీద ఒకసారి రాశారు. 'వెనకాల అకార్డియన్ ఆయన భోజనాలు ఎప్పుడు పెడతారా అని చూస్తున్నాడు' అని."

వగ్దీకి గుర్తు రాలేదు. ఎవరో గాయకుణ్ణి ఉతికే పనిలో పక్కకు ఒక వాక్యం విసిరి ఉంటాడు.

"నాన్న దాన్ని చింపి పర్సులో పెట్టుకున్నాడు. ఇంటికెవరొచ్చినా తీసి చదివేవాడు, చదివి ముందు తనే నవ్వేవాడు. వాళ్ళు నవ్వకముందే నవ్వెయ్యాలి కదా మరి. ఇరవై ఏళ్ళు బాబాయ్. ముందుకొచ్చి ఒక్కడివే వాయించవచ్చు కదా అని ఎవరన్నా, 'నాకు భోజనం టైమైంది' అనేవాడు. ఒక్కసారి కూడా ముందుకు రాలేదు."

ఆ పిల్ల గొంతులో నిష్ఠూరం లేదు. అదే అతనికి ఎక్కువ గుచ్చుకుంది. "నవ్వులాట చెయ్యను. మాటిస్తున్నాను" అన్నాడు.

మహితాబ్ మొహం తేటపడింది. ఏదో చెప్పబోయి దగ్గింది. పొడి దగ్గు. గుండె మీద చెయ్యి పెట్టుకుని మళ్ళీ దగ్గింది.

"ఏమిటది?"

"ఏం లేదు, నిన్నటి నుంచి కాస్త గరగర. జామాకు కాచి తాగుతున్నా. గురువారానికి తగ్గిపోతుందిలెండి."

నిన్నటి నుంచి. అతను మెచ్చుకోలు రాసింది మొన్న.

వగ్దీ మెట్లెక్కి బల్ల దగ్గర కూర్చున్నాడు. గొంతు పోయిన గాయని కూడా మొదట్లో గరగర అనే అంది. అద్లీ కూడా అంతే, కాస్త గరగర, తగ్గిపోతుందిలేరా అన్నాడు. జేబులో ఉన్న కాగితాన్ని ఇంకా ఎవరూ చదవనే లేదు, అచ్చు కాకముందే ఇలా ఉంటే అచ్చయ్యాక ఏమవుతుందో. ఇది పిచ్చి అని అతనికి తెలుసు. తెలిసి కూడా భయపడ్డాడు. మాట తప్పితే పిల్ల కోపగించుకుంటుంది, కోపగించుకోనీ, గొంతయినా మిగులుతుంది అని సర్దిచెప్పుకుని కొత్త కాగితం తీశాడు.

ముక్కు కింద చిన్న మురికి చుక్క చాలు అనుకునే మొదలుపెట్టాడు. కాని చిన్న చుక్కకు నవ్వు పుట్టదు. పాటలో ఎక్కడ గిల్లితే నవ్వొస్తుందో ముప్పై ఏళ్ళ పనివాడికి తెలుసు. పాటకు ఎక్కడ నిజంగా నొప్పిగా ఉందో, అక్కడ. ఆ చోటు అతను వెతుక్కోనక్కర్లేకపోయింది. ఆదివారం ఏడ్చింది అక్కడే కదా.

"నాలుగో పాట మధ్యలో అకార్డియన్ పాడడం మానేసి నలభై సెకన్లు ఊపిరి పీలుస్తూ వదులుతూ ఉంటుంది. పాపం, దానికి పడిశం. ముక్కు రెండు వైపులా దిబ్బడేసింది. గురువారం కచేరీకి వెళ్ళేవాళ్ళు పూలగుత్తులు పట్టుకెళ్ళకండి. ఆవిరి పట్టడానికి ఒక తువ్వాలు, జామాకు కషాయం పట్టుకెళ్ళండి. తుమ్ము వినిపిస్తే అందరూ కలిసి 'దేవుడు చల్లగా చూడాలి' అనండి. అంతకు మించి ఆ పాటకు మనం చేయగలిగింది ఏమీ లేదు."

రాసి, చదువుకుని, బిగ్గరగా నవ్వాడు. పక్క గదిలోంచి సంపాదకుడు వచ్చి చదివి, గోడకు ఆనుకుని నవ్వి, "పదేళ్ళలో ఇంత మంచిది రాయలేదయ్యా నువ్వు" అన్నాడు. నిజమే. మొదటి వాక్యం భయంతో రాశాడు. మూడో వాక్యానికి వచ్చేసరికి భయం లేదు, ఆ పిల్ల లేదు, అద్లీ లేడు. వాక్యం బాగా కుదురుతోందన్న సంతోషం ఒక్కటే ఉంది. ఆ సంగతి తర్వాత అతను ఎన్నిసార్లు తలుచుకున్నాడో లెక్క లేదు.

బుధవారం పత్రిక వచ్చింది. గురువారం సాయంత్రానికి హాలు చాలక గోడల వెంట నిలబడ్డారు. సగం మంది భుజాల మీద తువ్వాళ్ళు. ముందు వరసలో దబ్బూర్, ఒళ్ళో వేడి కషాయం ఫ్లాస్కు పెట్టుకుని, వెనక్కి తిరిగి అందరికీ చూపిస్తున్నాడు. రావియా వచ్చి వగ్దీ పక్క కుర్చీలో కూర్చుంది.

"నేనడిగింది కాస్త మురికి అన్నయ్యా. మీరు పిల్లను బురదలో ముంచి తీశారు" అంది. హాలంతా కలయజూసి, "అయినా జనాన్ని చూడండి" అని కూడా అంది.

మహితాబ్ వేదిక మీదికి వచ్చింది. గొంతు ఖంగుమంటోంది, గరగర మచ్చుకైనా లేదు. మొదటి మూడు పాటలూ జనం మర్యాదగా విన్నారు. వాళ్ళు వచ్చింది నాలుగోదాని కోసం. చొక్కా పాట మొదలైంది. మాట ఆగింది. తిత్తి మెల్లగా తెరుచుకుంది. హాలంతా ఊపిరి బిగబట్టింది, పాట కోసం కాదు. తిత్తి మూసుకుంటుండగా దబ్బూర్ తుమ్మాడు, పైకప్పు ఎగిరిపోయే తుమ్ము. మూడు వందల మంది ఒక్క గొంతుతో "దేవుడు చల్లగా చూడాలి" అన్నారు.

నవ్వులు ఎంతకీ ఆగలేదు. మహితాబ్ సగం తెరిచిన తిత్తిని అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఎవరో వేదిక అంచు దాకా వచ్చి తువ్వాలు చాపారు. ఆమె దాని వైపు చూస్తోంది. తీసుకోకమ్మా, తీసుకోకు, అని వగ్దీ మనసులో మొక్కుకుంటున్నాడు. తీసుకుంది. తల మీద కప్పుకుని, అకార్డియన్ మీదికి వంగి, ఆవిరి పడుతున్నట్టు రెండుసార్లు తిత్తి లాగింది. హాలు విరగబడి నవ్వింది. జనం కుర్చీలెక్కి చప్పట్లు కొట్టారు. అన్ని చప్పట్లు అద్లీ జన్మంతా కలిపినా తన కోసం విని ఉండడు.

రావియా కూడా నవ్వింది. తలగుడ్డ అంచుతో కళ్ళు తుడుచుకుంది. ఎక్కువ నవ్వితే కళ్ళు తడుస్తాయి, అదే అనుకోవాలి.

శుక్రవారం పొద్దున వగ్దీ మొదట రాసిన కాగితం జేబులో పెట్టుకుని షుబ్రా వెళ్ళాడు. నాలుగంతస్తులు ఎక్కేసరికి ఆయాసం వచ్చింది. మహితాబ్ బల్ల దగ్గర కూర్చుని రొట్టె తింటోంది. తిడుతుందనుకుంటూ వచ్చాడు, తిడితే బాగుండుననుకుంటూ వచ్చాడు. ఆమె రొట్టె సగం తుంచి అతని ముందు పెట్టింది.

"తినండి బాబాయ్."

"మాటిచ్చి ఎందుకు తప్పావని అడగవా?"

"అడిగితే ఏం చెప్తారు?"

"నీకు దగ్గొచ్చింది. భయపడ్డాను."

ఆమె నమలడం ఆపింది. "మీరా? దిష్టికా?"

"అవును."

"అమ్మంటే సరే. మీరు కూడానా." అతను కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు. రెండుసార్లు చదివింది.

"ఇదెప్పుడు రాశారు?"

"ఆదివారం, పాట వినగానే. ఇది నిజం తల్లీ. అచ్చయింది కాదు."

"తమాషా చేయడానికి ఒక్కచోటు కూడా దొరకలేదని రాశారిందులో. రెండు రోజులకే దొరికిందిగా."

వగ్దీ రొట్టె ముక్కను వేళ్ళతో నలుపుతూ కూర్చున్నాడు.

"దబ్బూర్ ఫోన్ చేశాడు. ఆ పాట కావాలట. తాళం వేగంగా వేసి, తుమ్ము పెట్టి, ఇద్దరం కలిసి పాడదామంటున్నాడు. సరేనన్నాను" అంది మహితాబ్.

"వద్దు. అది మీ నాన్న పాట."

"నిన్నటిదాకా ఆయనదే. ఆ చోటికొస్తే నాన్న పక్కన కూర్చుని ఊపిరి తీస్తున్నట్టుండేది. అందుకే కదా మెట్లు నొక్కకుండా వదిలేసింది. ఇందాక లేవగానే తలుపేసుకుని వాయించి చూశాను బాబాయ్, నాలుగుసార్లు. నాన్న రాలేదు. మీ పడిశమే వినపడింది. ఇక నాకెందుకది, వాళ్ళనే తీసుకోనీండి."

పొట్టయిపోయిన గౌను ఎవరికో ఇచ్చేస్తున్నట్టు చెప్పింది. కాగితం మడిచి అతని జేబులోనే పెట్టింది. రావియా టీ తెచ్చి, "ఐదో పాట మీద కూడా ఏదైనా రాయండి అన్నయ్యా, దాన్నెవరూ పట్టించుకోవట్లేదు" అంది. అతను టీ తాగకుండానే లేచాడు.

సందు చివర ఒక మూసిన దుకాణం అరుగు మీద కూలబడ్డాడు. పిల్ల గాయపడింది కనుక అలా అంటోంది, తనకైతే ఆ పాట మిగిలే ఉంటుంది, ఆసుపత్రిలో ఆ ఊపిరిని చెవులారా విన్నవాడు తను. ఫోను తీసి, చెవుల్లో తీగలు పెట్టుకుని, నాలుగో పాట పెట్టాడు. తెల్లచొక్కా, తీగ, తీయలేని చేతులు. మాట ఆగింది. వగ్దీ కళ్ళు మూసుకుని అద్లీ కోసం ఎదురుచూశాడు. తిత్తి తెరుచుకుంది. గాలి లోపలికి పోయింది, బయటికి వచ్చింది. పాపం, దానికి పడిశం.

ఎంత చక్కగా కుదిరిందో వాక్యం. ఆపుకుందామనుకున్నా పెదవులు వాటంతటవే సాగాయి. దారిన పోయే ఇద్దరు, అరుగు మీద ముసలాయన ఒక్కడే నవ్వుకుంటున్నాడని తిరిగి చూశారు. వగ్దీ పాటను మళ్ళీ మొదటికి తిప్పాడు. ఈసారి ఆ చోటు రాకముందే నవ్వొచ్చింది.